ఆయిల్ దారి తెలిసిన చెయ్యి

మా నాన్నగారి 1974 నాటి బుల్లెట్‌కి ఆమధ్య ఇంజన్ పని మొత్తం చేయించాను. బోరు కొట్టించి కొత్త పిస్టన్, రింగులు, వాల్వులు వేయించాను. బండి పెళ్ళికొడుకులా మెరుస్తూ ఇంటికొచ్చింది. నెల తిరక్కుండానే మూడు జబ్బులు బయటపడ్డాయి. పది రోజులు నిలబెట్టి స్టార్ట్ చేస్తే వీధంతా నీలం పొగ. బ్రీదర్ పైపులోంచి ఆయిల్ కారడం. ముప్పై కిలోమీటర్లు పోయేసరికి హెడ్డులో టకటకమని చప్పుడు. పని చేసినచోటికే తీసుకెళితే ఆయిల్ తక్కువుందని పోశారు, బోల్టులు ఇంకాస్త బిగించారు, చివరికి రింగులు మళ్ళీ మార్చాల్సిందే అన్నారు.

బండిని ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని విజయవాడ ఆటోనగర్ వెళ్ళాను. బుల్లెట్ తప్ప ఇంకో బండి ముట్టని పెద్ద మేస్త్రీ ఒకాయన అక్కడున్నారని ఎవరో చెప్పారు. ఆ రోజంతా ఆయన పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను.

మొదటి అరగంట ఆయన పానా ముట్టలేదు. డిప్ స్టిక్ తీసి తుడిచి, ముంచి చూశారు. ఆయిల్ కింది గీత దగ్గరుంది. "బండి తీసి ఎన్ని రోజులైంది సార్?" అన్నారు. పన్నెండు రోజులన్నాను. కిక్కు కొట్టి ఐదు నిమిషాలు నడిపి, ఆపి, మళ్ళీ చూశారు. ఈసారి పై గీత దాటింది. "ఆయిల్ తగ్గలేదు సార్, ఇల్లు మారింది" అన్నారు.

ఈ మాట అర్థం కావాలంటే ఆ ఇంజన్ కట్టుబడి కొంచెం తెలియాలి. ఇంగ్లండులోని రెడ్డిచ్‌లో పుట్టి 1955 నుంచి మద్రాసులో తయారైన ఈ 346 సీసీ పోత ఇనుప ఇంజన్‌కి విడిగా ఆయిల్ ట్యాంకు లేదు. క్రాంకు కేసు వెనక భాగమే ట్యాంకు. అందులో సుమారు రెండుంబావు లీటర్ల ఆయిల్ ఉంటుంది. కుడివైపు టైమింగ్ కవర్‌లో రెండు పంపులు. ఒకటి ట్యాంకులోంచి ఆయిల్ తీసి ఫెల్టు ఫిల్టర్ గుండా క్రాంకుకు పంపుతుంది. రెండోది క్రాంకు గదిలో పడ్డ ఆయిల్‌ని తోడేస్తుంది. అలా తోడిన ఆయిలే హెడ్డు మీదికెక్కి వాల్వులను తెరిచే రాకర్లను తడుపుతుంది. బండి చాలా రోజులు కదలకపోతే ట్యాంకులోని ఆయిల్ పంపు సందుల్లోంచి మెల్లగా క్రాంకు గదిలోకి దిగిపోతుంది. స్టార్ట్ చేయగానే అదంతా పొగై వస్తుంది. చల్లటి బండికి డిప్ స్టిక్ చూసి తక్కువుందని పోస్తే, నడిచాక ఆ ఎక్కువైన ఆయిల్ బ్రీదర్ దారి పడుతుంది. నాకు జరిగింది అచ్చంగా ఇదే.

రింగుల సంగతి అడిగాను. రింగులు పోతే లోడు మీద యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడల్లా పొగ రావాలి, వాల్వు గైడ్లు అరిగితే యాక్సిలరేటర్ వదిలి మళ్ళీ ఇచ్చేటప్పుడు రావాలి, ఇది నిలబెట్టి తీసినప్పుడే వస్తోంది కాబట్టి హెడ్డు విప్పే పనే లేదన్నారు. నాకు మిగిలిన డబ్బు సంగతి అటుంచితే, విప్పకూడనిది విప్పని ఆ నిగ్రహమే నాకు ఆయన పనిలో అన్నిటికంటే గొప్పగా కనిపించింది.

తర్వాత, ఇంజన్ నడుస్తుండగానే హెడ్డు మీది రాకర్ పైపు నట్టు కాస్త వదులు చేశారు. అక్కడ ఆయిల్ ధారగా ఊరాలి. బుడగలు బుడగలుగా, అలసిపోయినట్టు వచ్చింది. ఆయన చూపు నేరుగా టైమింగ్ కవర్ మీదికి పోయింది.

కవర్ విప్పాక మూడు తప్పులు దొరికాయి. ముందు పని చేసినవాళ్ళు ప్యాకింగ్‌కి సిలికాన్ దట్టంగా పూశారు. అది బయటికి ఎంత పొంగిందో లోపలికీ అంతే పొంగి, క్రాంకు గది నుంచి పంపుకి వెళ్ళే రంధ్రానికి సగం అడ్డంగా, వానపాములా వేలాడుతోంది. ఆయన దాన్ని పట్టకారుతో లాగి నా అరచేతిలో పెట్టారు. రెండోది, క్రాంకు కొసకి ఆయిల్ అందేచోట ఉండే బెండు సీలు. పాతదే వదిలేశారు. అది అరిగితే ఆయిల్ క్రాంకులోకి పోకుండా టైమింగ్ గదిలోకి జారిపోతుంది. ఈ ఇంజన్‌లో బిగ్ ఎండ్‌కి రోలర్లు లేవు, తిరిగే బుష్ ఉంది. ఆయిల్ సరిగ్గా అందకపోతే ముందు చచ్చేది అదే.

మూడోది పంపు బిళ్ళలు. ఇవి గుండ్రంగా ఉండి, ఇటూ అటూ ఊగుతూ రంధ్రాలను మూస్తూ తెరుస్తూ ఉంటాయి. బిళ్ళ తన పీట మీద గాజు మీద గాజులా కూర్చోవాలి, ఇవి అలా కూర్చోలేదు. ఆయన బిళ్ళకి పాలిష్ రాసి, చూపుడువేలితో మాత్రమే అదిమి అటూ ఇటూ తిప్పారు. తుడిచి వెలుగులో చూశారు. ఒక పక్క మెరుపు, ఒక పక్క మసక. మళ్ళీ రాశారు. ముప్పావుగంట సేపు, రెండు బిళ్ళలకీ, ముఖమంతా ఒకే బూడిద రంగు తేలేదాకా ఇదే పని. చూపుడువేలే ఎందుకని అడిగాను. "బలం పెడితే ఒరుగుతుంది సార్" అన్నారు.

బ్రీదర్ పైపు చివరి రబ్బరు ముక్కు రాయిలా గట్టిపడింది. పిస్టన్ కిందికి దిగినప్పుడల్లా లోపలి గాలి అందులోంచి బయటికి పోవాలి, తిరిగి లోపలికి రాకూడదు. అది పని చేయకపోతే లోపలి ఒత్తిడి ప్రతి అతుకులోంచీ ఆయిల్‌ని నెడుతుంది. ఎన్ని బోల్టులు బిగించినా కారడం ఆగకపోవడానికి కారణం ఈ చిన్న రబ్బరు ముక్కే.

బిగించేటప్పుడు సిలికాన్ జోలికి పోలేదు. కాగితం ప్యాకింగ్‌కి పల్చగా గ్రీజు, స్క్రూలు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగింపు. ఫిల్టర్ గదిని ముందే ఆయిల్‌తో నింపారు. ప్లగ్ తీసేసి, రాకర్ పైపు దగ్గర ఆయిల్ కనిపించేదాకా కిక్కు కొడుతూనే ఉన్నారు. అది కనిపించాకే ప్లగ్ పెట్టి స్టార్ట్ చేశారు.

ఇప్పటికి బండి 1,400 కిలోమీటర్లు తిరిగింది. హెడ్డు చప్పుడు పోయింది. మరీ రెండు వారాలు నిలబెడితే తొలి నిమిషంలో కాస్త పొగ వస్తుంది, ఇది ఈ ఇంజన్ స్వభావమని ఆయన ముందే చెప్పారు. మీ ఇంట్లో పాత బుల్లెట్ ఉంటే వారానికోసారి స్టార్ట్ చేసి బాగా వేడెక్కేదాకా నడపండి. ఆయిల్ మట్టం ఐదు నిమిషాలు నడిచాకే చూడండి. హెడ్డు విప్పుతామని ఎవరైనా అంటే, ముందు రాకర్ పైపు వదులు చేసి చూపించమని అడగండి.