ఒకే ఒరలో మూడు కత్తులు, నాలుగు కత్తులు

బంతి ఒక్కటే. దాన్ని చేతిలో పెట్టుకుని ఆట నడపడానికి అలవాటు పడ్డ గార్డులు ముగ్గురో నలుగురో ఒకే జట్టులో ఉంటే ఎవరి చేతికివ్వాలి? అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో వరుసగా రెండేళ్లు రెండు జట్లు దీనికి రెండు రకాల జవాబులు చెప్పాయి: 2004-05లో ఇల్లినాయ్, 2005-06లో విలనోవా.

ఇల్లినాయ్ కోచ్ బ్రూస్ వెబర్ చేతిలో డెరాన్ విలియమ్స్, డీ బ్రౌన్, లూథర్ హెడ్ ఉన్నారు. ముగ్గురూ బంతి నడపగలరు, ముగ్గురూ దూరం నుంచి వేయగలరు. వారిలో ఎన్‌బీఏ పెద్దగా మెచ్చింది విలియమ్స్‌ని; 2005 డ్రాఫ్ట్‌లో అతనిది మూడో స్థానం. కానీ ఆ ఏడాది జట్టులో ఎక్కువ పాయింట్లు హెడ్‌వి. ఇల్లినాయ్ ఆడే బిగ్ టెన్ లీగ్‌లో ఉత్తమ ఆటగాడి గౌరవం బ్రౌన్‌ది. విలియమ్స్ వాళ్లకు బంతి అందించాడు. ఆ జట్టు రహస్యమంతా నాకు ఇక్కడే కనిపిస్తుంది. అందరికంటే పెద్ద చెయ్యి అందరికంటే ఎక్కువ ఇచ్చింది. అరిజోనాతో ఆటలో నాలుగు నిమిషాలు మిగిలుండగా 15 పాయింట్లు వెనకబడి కూడా ఓవర్‌టైమ్‌లో 90-89తో గెలిచారు. ఆ కొద్ది నిమిషాల్లో ఎవరికి వారు హీరో కావాలని చూసి ఉంటే ఆ గెలుపు దక్కేది కాదు.

విలనోవా కథ వేరు. కోచ్ జే రైట్ నలుగురు గార్డులను కోరి దింపలేదు. ఫార్వర్డ్ కర్టిస్ సంప్టర్ మోకాలు సీజన్‌కు ముందే మళ్లీ దెబ్బతింది. ఆ ఖాళీలో రాండీ ఫోయ్, అలన్ రే, కైల్ లౌరీ, మైక్ నార్డి కలిసి ఆడారు. ఫోయ్ తనకంటే పొడవైనవాళ్లను కాచుకున్నాడు. ఆరడుగుల లౌరీ రీబౌండ్ల కోసం పెద్దవాళ్ల మధ్యకు దూకాడు. ఎదుటి జట్టు పొడగరులు బాస్కెట్ వదిలి బయటికొచ్చి వీళ్ల వెంట పరుగెత్తాల్సి వచ్చింది. తెగువలో ఈ జట్టుదే పైచేయి. కాకపోతే పాయింట్లలో దాదాపు సగం ఫోయ్, రేలవే. వాళ్లిద్దరి చేయి ఆడని రోజున ఆసరా సన్నగిల్లేది.

రెండు జట్లూ ఒకే గోడకు తగిలాయి. ఫైనల్లో ఇల్లినాయ్ 40 త్రీ పాయింటర్లు వేసి 12 మాత్రమే సాధించింది. లోపల నార్త్ కరొలినా సెంటర్ షాన్ మే 26 పాయింట్లు చేశాడు. స్కోరు 75-70. మరుసటేడు జోకిమ్ నోవా, అల్ హార్ఫర్డ్‌ల ఫ్లోరిడా విలనోవాను చివరి నాలుగు జట్లలో చేరకుండానే 75-62తో ఆపేసింది. షాట్ తప్పినప్పుడు బంతి కోసం ఎగిరే ఎత్తు గార్డుల నైపుణ్యంతో రాదు.

అయినా రెంటిలో ఒకటి ఎంచమంటే నాది ఇల్లినాయ్. విలనోవా ప్రతిభను పక్కపక్కన నిలబెట్టింది, ఇల్లినాయ్ దాన్ని ముడివేసింది.

రైట్ కూడా చివరికి ఆ దారికే వచ్చాడనుకుంటాను. 2016 ఫైనల్లో ఆఖరి సెకన్లలో స్కోరు 74-74. ఎదురుగా మళ్లీ నార్త్ కరొలినాయే. బంతి విలనోవా గార్డు రయన్ ఆర్చిడియాకొనో చేతిలో ఉంది. అతను షాట్ వేయలేదు, వెనకనుంచి వస్తున్న క్రిస్ జెంకిన్స్‌కు అందించాడు. 77-74.