గ్రామ్ రంజనం: పేర్లూ, పొరపాట్లూ

శ్రీరామసాగరం కాలువ నీరు పారే జగిత్యాల ప్రాంతంలో వరి ప్రధానమైన పంట. ఆ పైరుకు సోకే తెగుళ్లలో అగ్గితెగులుకు శిలీంధ్రం కారణం. ఎండాకు తెగులుకు జాంథోమొనాస్ అనే బాక్టీరియా కారణం. అగ్గితెగులును ఆపే ట్రైసైక్లజోల్ మందు ఎండాకు తెగులుపై పనిచేయదు. తెగులును సరిగా గుర్తించకపోతే రైతు డబ్బూ, పైరూ రెండూ పోతాయి. తెగులు సోకిన ఆకును కోసి తేటనీటి గ్లాసులో నిలిపితే, కోసిన అంచు నుండి పాలవంటి ద్రవం జారటం బాక్టీరియా ఉనికికి గుర్తు. అది ఏ తరగతికి చెందినదో తేల్చటం మాత్రం ప్రయోగశాలలోని రసాయన కారకాల పని.

జగిత్యాల దగ్గరి పొలాసలో వ్యవసాయ పరిశోధనా స్థానమూ, కళాశాలా ఉన్నాయి. ఇటువంటి చోట్ల చదివే విద్యార్థి మొదట నేర్చేది గ్రామ్ రంజనం. దీనిని వివరించే తెలుగు పాఠాలు చాలావరకు వంట పద్ధతి చెప్పినట్లు సాగుతాయి: క్రిస్టల్ వయొలెట్ ఒక నిమిషం, అయొడిన్ ఒక నిమిషం, ఆల్కహాలుతో కడుగుట, చివర సాఫ్రనిన్. ఊదారంగు నిలిస్తే 'ధనాత్మకం', ఎర్రబడితే 'ఋణాత్మకం'. ఇందులో తప్పు లేదు. కాని ఎందుకన్న ప్రశ్నకు జవాబూ లేదు.

మొదటి చిక్కు పేరులోనే ఉంది. గ్రామ్ అన్నది తూకం కాదు, మనిషి పేరు. డెన్మార్కు వైద్యుడు హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ 1884లో బెర్లిన్‌లో, న్యుమోనియాతో మరణించినవారి ఊపిరితిత్తులను పరీక్షిస్తూ ఈ పద్ధతిని కనుగొన్నాడు. ఇక 'ధన', 'ఋణ' పదాలు విద్యార్థిని నేరుగా విద్యుదావేశం వైపు నడిపిస్తాయి. నిజానికి రెండు తరగతుల బాక్టీరియాల ఉపరితలంపైనా సాధారణంగా ఋణావేశమే ఉంటుంది. ధనావేశం గల క్రిస్టల్ వయొలెట్ రెండింటికీ అంటుకొనటానికి అదొక కారణం. 'రంగు నిలుపుకొనేవి', 'రంగు విడిచేవి' అని ఒక్క వాక్యంలో చెప్పి, ఆ తరువాత పారిభాషిక పదాలు వాడితే ఈ భ్రమ కలగదు.

రెండవది అయొడిన్ సంగతి. దీనిని అద్దకంలో రంగు పట్టించే పటికతో పోల్చటం వాడుక. మరమగ్గాల ఊరైన సిరిసిల్ల విద్యార్థికి ఈ పోలిక సులువుగానే అందుతుంది. కాని పటిక రంగును నూలుకు కట్టివేస్తుంది. అయొడిన్ రంగుతో కలిసి కణం లోపల పెద్ద సంయోగంగా మారుతుంది. ఆల్కహాలు తగిలినప్పుడు మందమైన పెప్టిడోగ్లైకాన్ గోడ ముడుచుకొని, ఆ సంయోగాన్ని బయటకు పోనీయదు. గోడ పలుచగా ఉన్న కణాలలో, బయటి కొవ్వుపొర కరిగి రంగు జారిపోతుంది. పోలిక చెప్పినవారు దాని హద్దు కూడా చెప్పవలసి ఉంటుంది.

అన్నిటికన్న పెద్ద లోపం పొరపాట్ల ప్రస్తావన లేకపోవటం. ఆల్కహాలు కొన్ని సెకండ్లు ఎక్కువైతే రంగు నిలుపుకొనవలసిన కణమూ దానిని విడిచిపెడుతుంది. ముదిరిన వర్ధనంలోని కణాలూ అంతే. అందుకే 18 నుండి 24 గంటల వర్ధనాన్ని వాడతారు. కాటలేజ్ పరీక్షలో 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్క వేస్తే స్టాఫిలోకాకస్ నురుగునిస్తుంది, స్ట్రెప్టోకాకస్ ఇవ్వదు. కాని నెత్తురు కలిపిన అగార్‌పై నుండి కణాలను గీకి తీస్తే ఎర్రకణాలలోని కాటలేజ్ వల్ల కూడా నురుగు రావచ్చు. అందుకే తెలిసిన బాక్టీరియాలు రెండింటిని, ఒకటి రంగు నిలిపేది, ఒకటి విడిచేది, అదే పలకపై పక్కన పెట్టి సరిచూడాలి. ఈ నియమం పాఠంలో లేకపోతే విద్యార్థి తన చేతి తప్పును బాక్టీరియా గుణంగా రాసుకుంటాడు.

ఎండాకు తెగులు బాక్టీరియా రంగు విడిచే తరగతిది. దానిని 3 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో కలిపి పుల్లతో ఎత్తితే జిగట దారం సాగుతుంది. గోడ పగిలి డి.ఎన్.ఎ. బయటపడటమే ఇందుకు కారణం. రంజనం చెప్పినదానిని ఈ చిన్న పరీక్షతో సరిచూసుకోవచ్చు. అయినా ఈ రెండూ తరగతిని చెబుతాయే కాని జాతిని చెప్పవు. గ్రామ్ తన పద్ధతిలో లోపాలున్నాయని ఒప్పుకొని, ఇతర పరిశోధకుల చేతుల్లోనూ అది ఉపయోగపడుతుందన్న ఆశతోనే ప్రకటించాడు. ఆయన పద్ధతిని బోధించే పాఠాలలోనూ ఆ నిజాయితీ ఉండాలి. కారకం పేరూ, కాలమూ చెప్పినంత శ్రద్ధగా అది ఎప్పుడు తప్పుదారి పట్టిస్తుందో కూడా చెప్పిన పాఠమే ప్రయోగశాలకూ, పొలానికీ పనికివస్తుంది.