రెండు సీట్ల బండి, అరవై దాటిన మనిషి

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో, 44వ నంబరు జాతీయ రహదారి పక్కనున్న కియా ఫ్యాక్టరీని ఏడాదికి 3 లక్షల కార్లు చేసే లెక్కతో కట్టారు. సెలవులు తీసేసి, రేయింబవళ్లు పని నడిచిందనుకుంటే నిమిషంన్నరకో కారు. ఒప్పందం మీద సంతకాలు 2017 ఏప్రిల్‌లో పడ్డాయి. 2019 జనవరి ఆఖరుకల్లా ట్రయల్ కారు బయటికొచ్చింది. రెండేళ్లు కూడా పట్టలేదు. భూమి, నీళ్లు, రోడ్డు, కరెంటు అన్నీ సర్కారే ఎదురెళ్లి సమకూర్చింది. అక్కడికి ఎంతో దూరం లేని హిందూపురంలో నా స్నేహితుడొకడు కూడా కారు చేస్తున్నాడు. ఒకే ఒక్క కారు. కోరిక పుట్టింది ఇరవై ఏళ్లప్పుడు. పని మొదలైంది అరవై దాటాక.

"ఈ వయసులో ఇదేం పిచ్చప్పా" అని ఊరంతా అడిగింది. నాకు మాత్రం ఆ నలభై ఏళ్లు ఏమైపోయాయన్నదే తెలుసుకోవాలనిపించింది.

ముందు బండి సంగతి. ఇంటి వెనక రేకుల షెడ్డు, ఒకప్పుడు ఎనుములు కట్టేసిన చోటు. అందులో అంగుళం చదరం ఇనుప పైపులతో అల్లిన ఫ్రేము. పైకప్పు ఉండదు, తలుపులుండవు, ముందు పొడుగాటి బానెట్, చక్రాలు నాలుగూ బాడీకి బయట. ఇద్దరే కూచోవాలి, అదీ ముడుచుకుని. ఇంజన్, గేర్‌బాక్స్, వెనక యాక్సిల్ ఒక పాత ఓమ్ని వ్యానువి. బడిపిల్లల్ని తిప్పీ తిప్పీ అరిగిపోయి గుజిరీకి చేరిన వ్యాను అది. మారుతి 800 అయితే ముందు చక్రాలు తిరిగే బండి, ఇంజన్ అడ్డంగా ఉంటుంది. ఓమ్నిలో అదే 796 సీసీ ఇంజన్ పొడవుగా ఉండి వెనక చక్రాలను తిప్పుతుంది. ఇలాంటి బండికి అదే కావాలి. బలం 40 గుర్రాలకు కాస్త తక్కువ. నవ్వొస్తుందేమో గానీ, 1957లో ఇంగ్లండులో మొదటి లోటస్ సెవెన్ వచ్చినప్పుడు దాని బలమూ ఇంచుమించు అంతే. బండి తేలిగ్గా ఉంటే ఆ మాత్రం చాలు.

మా వాడు మిల్లులో మెయింటెనెన్స్ ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. వెల్డింగ్ కొట్టేటప్పుడు అతని పక్కన నిలబడి చూడాలి. పైపులు నాలుగు చదును బల్ల మీద పరిచి, క్లాంపులు బిగించి, మూలమట్టం పెట్టి, ప్రతి మూలా ఒక్క చుక్క ట్యాక్ వేసి ఆగిపోతాడు. అప్పుడు టేపు తీసి ఈ మూల నుంచి ఆ మూలకు కొలుస్తాడు, మళ్లీ ఎదురు మూలల మధ్య కొలుస్తాడు. రెండూ సమానం రావాలి. రెండు మిల్లీమీటర్లు తేడా వచ్చినా చెక్క సుత్తితో మెల్లగా తట్టి సరిచేసి మళ్లీ కొలుస్తాడు. ట్యాక్ దశలో ఇనుము మాట వింటుంది. తొందరపడి ఒక పక్కే నిండుగా కాల్చేస్తే చల్లారేటప్పుడు ఫ్రేమంతా అటు గుంజుకుంటుంది. అందుకే ఇటు ఒక మూల కాలిస్తే, తర్వాత దానికి ఎదురు మూల. మధ్యలో బీడీ. ఇరవై ఏళ్ల పిల్లాడైతే ఆ బీడీ విరామం తీసుకోడు. అరవైలో ఉన్న లాభం అదొక్కటే అంటాడు, నడుం పట్టుకుని లేస్తూ.

ఆ లోటస్ సెవెన్ చేసిన కాలిన్ చాప్‌మన్ ఇంగ్లండులో 1948లో తొలి కారు కట్టినప్పుడు అతనికి ఇరవై ఏళ్లు. విద్యార్థిగా ఉంటూనే పాత కార్ల బేరాలు చేసేవాడు. సొంత బండ్లకిచ్చే పెట్రోలు కోటాను సర్కారు ఆపేయడంతో ఆ వ్యాపారం మునిగింది. అమ్ముడుపోకుండా మిగిలిన ఒక ఆస్టిన్ సెవెన్‌ను విప్పి, కొత్త బాడీ కట్టి పందేలకు తయారుచేశాడు. కట్టింది ఎక్కడో తెలుసా? తన ప్రియురాలి అమ్మానాన్నల ఇంటి వెనక గ్యారేజీలో. మా ధర్మవరంలోనో మడకశిరలోనో ఒక కుర్రాడు అలాంటి షెడ్డు అడిగి చూడాలి!

ఆ తర్వాత లోటస్ సెవెన్‌ను విడిభాగాల పెట్టెగా అమ్మారు. కొన్నవాడు ఇంట్లో బిగించుకుంటే పన్ను ఉండేది కాదు. అయితే బిగించే పద్ధతి రాసిన కాగితం ఇవ్వకూడదని నిబంధన. దాంతో కంపెనీ విప్పే పద్ధతి రాసి ఇచ్చిందని, దాన్ని చివర్నుంచి మొదటికి చదువుకుంటూ జనం కార్లు బిగించుకున్నారని చెబుతారు. 1996లో రాన్ చాంపియన్ అనే బడి మాస్టారు, 250 పౌండ్లకే సొంత స్పోర్ట్స్ కారు ఎలా కట్టుకోవాలో ఏకంగా పుస్తకమే రాశాడు. మా వాడి ఫ్రేముకు మూలం ఆ పుస్తకంలోని కొలతలే. మనుమడు ఫోనులో చూపించాడట.

మరి మన దగ్గర ఎందుకింత ఆలస్యం? డబ్బుల్లేక అంటారు. కొంత నిజమే. ఈ బండికి ఇప్పటిదాకా ఖర్చయింది మాత్రం ఒక కొత్త బుల్లెట్టు ధర కూడా కాదు. ఆ మాత్రం డబ్బు నలభై ఏళ్ల వయసులోనూ అతని చేతిలో ఆడింది. అడ్డం పడింది అనుమతి. ఇరవైలో నాయన సరేననలేదు. ముప్పైలో ఇంటి లోను పూర్తి కాలేదు. తర్వాత పిల్లల ఫీజులు, ఆ పైన బిడ్డ పెండ్లి. ఎవరూ నోరు తెరిచి వద్దన్న పాపాన పోలేదు. ఎవరూ సరేనన్నదీ లేదు. మన ఇండ్లలో కోరికలు ఇట్లాగే వాయిదా పడతాయి. చివరికి అడగాల్సినవాళ్లలో కొందరు కాలం చేశారు, కొందరు బెంగళూరు చేరారు. అప్పుడు షెడ్డు ఖాళీ అయింది.

ఇక్కడొక మాట చెప్పక తప్పదు. మా అనంతపురం సీమలో మనిషి బోరు వేయిస్తే ఎవరూ నవ్వరు. ఒకటి ఎండితే ఇంకొకటి, అదీ ఎండితే వడ్డీకి తెచ్చి మరొకటి. వందల అడుగులు లోతుకు పోయి తెల్ల దుమ్ము వచ్చినా ఊరు అయ్యో అంటుందే తప్ప పిచ్చోడనదు. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం బోరుకు అనుమతి కావాలి. ఆ సంగతి రిగ్గు బండి వచ్చేటప్పుడు ఎంతమందికి గుర్తొస్తుందో మీకే వదిలేస్తున్నా. అంతే డబ్బు ఇనుప పైపుల మీద పెట్టినవాడు మాత్రం వీధి చివర్లో కూచున్నవాళ్లందరికీ కాలక్షేపం. నేల కింద కనబడని నీటికి ఉన్న మర్యాద కళ్ల ముందున్న ఇంజనుకు లేదు.

ధర్మవరంలో ఈ వాయిదాల కథే మగ్గం మీద కనబడుతుంది. అక్కడ పనికి ఈడు రావడమన్న బాధ లేదు. నాయన పక్కన కూచుని పిల్లలు చిన్ననాడే నేత నేరుస్తారు. ఇరవైకల్లా చేయి తిరుగుతుంది. కానీ పట్టు, జరీ, డిజైను షావుకారువి. నేసేవాడిది కూలి. తనకు నచ్చిన అంచు, తన మనసులో ఉన్న రంగుతో ఒక చీర నేసుకోవాలంటే ఆ చీర అయ్యేదాకా మగ్గానికి కూలి రాదు. డిజైను కోసం అట్టలకు రంధ్రాలు గుద్దించే ఖర్చు వేరే. ఒక పెద్దాయన నాతో అన్నాడు: "బతుకంతా నేస్తిని సామీ, నాదని ఒకటి నేసింది కండ్లు మసకైనాంక." చేతిలో పనితనం ఉండి అంత కాలం ఆగడం కారు వాడి కష్టం కన్నా పెద్దదేమో.

ఇంకా పెద్ద ఉదాహరణ కావాలంటే కోయంబత్తూరు వెళ్లాలి. జి.డి. నాయుడు 1893లో ఆ పక్కనే కలంగల్‌లో తెలుగు మాట్లాడే కుటుంబంలో పుట్టాడు. చదువు అబ్బలేదు. ఒక దొర మోటారు సైకిలు చూసి మనసు పారేసుకుని, ఊరు విడిచి హోటల్లో సర్వరుగా చేరి, కూడబెట్టిన జీతంతో ఆ బండే కొన్నాడు. కొన్నాక తొక్కుకుంటూ తిరిగాడా? మొత్తం విప్పి మళ్లీ బిగించాడు. 1920లో ఒక్క బస్సు కొని పొల్లాచి, పళని మధ్య తిప్పాడు. అదే పెరిగి యు.ఎం.ఎస్. అనే బస్సుల కంపెనీ అయింది. 1937లో బాలసుందరం నాయుడితో కలిసి ఎలక్ట్రిక్ మోటారు తయారుచేశాడు. అలాంటి మనిషి 1952లో రెండు సీట్ల పెట్రోలు కారు చేసి, 2,000 రూపాయలకు అమ్ముతానన్నాడు. వయసు 59. డబ్బుంది, వర్క్‌షాపుంది, పనితనానికి తిరుగులేదు, ఇంట్లో అడ్డు చెప్పేవాళ్లు లేరు. పరిశ్రమలకు లైసెన్సులు తప్పనిసరి చేసిన చట్టం సరిగ్గా ఆ ఏడే అమల్లోకి వచ్చింది. కారుకు లైసెన్సు రాలేదు. అక్కడితో ఆగిపోయింది. ఆ 2,000 రూపాయల కారు రోడ్డెక్కి ఉంటే మా స్నేహితుడి తండ్రి కూడా ఒకటి కొనేవాడేమో, ఈ నలభై ఏళ్ల గొడవ ఉండేదే కాదేమో!

ఇటలీలో ఎన్‌జో ఫెరారీకీ ఇలాంటి ముడే పడింది. 1939లో ఆల్ఫా రోమియో నుంచి బయటికొస్తూ, నాలుగేళ్లపాటు తన పేరుతో పందెం కార్లు చేయకూడదనే షరతుకు ఒప్పుకున్నాడు. 1940లో రెండు కార్లు చేసినా వాటి మీద తన పేరు వేసుకోలేకపోయాడు. తర్వాత యుద్ధం. మొదటి ఫెరారీ మారనెల్లోలో ఫ్యాక్టరీ గేటు దాటింది 1947 మార్చిలో, అప్పటికి అతనికి 49. ఆ మనిషికి లోపించినది ఉత్సాహమా, పైకమా?

ఇక మా వాడి దగ్గరికొద్దాం. ఇంటి అనుమతులన్నీ తీరిపోయాయి. మిగిలింది సర్కారుది, అది రాదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. ఓమ్ని చాసిస్ నంబరు ఉన్న రేకు గుజిరీలో ఉంది. ఫ్రేము షెడ్డులో పుట్టింది. ఏ ఆర్‌సీ దీన్ని తనదనదు. పోనీ కొత్త బండిగా చూపిద్దామంటే ప్రతి కొత్త మోడలూ పుణేలోని ఏఆర్‌ఏఐ లాంటి సంస్థల్లో పరీక్షలు నెగ్గాలి. ఆ ఏర్పాటు వేలల్లో కార్లు చేసే కంపెనీల కోసం. ఎర్రమంచికి సరిపోయే తలుపులో ఎనుముల షెడ్డు పట్టదు.

చట్టాన్ని తిట్టబుద్ధి కాదు. 44వ నంబరు రోడ్డు మీద రాత్రి పూట లారీల మధ్య, ఎవడో ఇంట్లో బిగించిన బ్రేకులతో పోతుంటే ఎదురొచ్చేవాడి గతేమిటి? అయితే బ్రిటన్‌లో ఒక్క బండికి ఒక్క పరీక్ష పెడతారు. బ్రేకులు, లైట్లు, బెల్టులు చూస్తారు. బయటికి పొడుచుకొచ్చిన అంచుల్ని సైతం కొలుస్తారు. నెగ్గితే నంబరిస్తారు. అలాంటి పరీక్ష మనకూ పెట్టొచ్చు. ఫెయిలైతే ఫెయిల్ చేయండి, పరీక్షకు కూచోనివ్వండి. మన ఇంజినీరింగ్ కాలేజీల పిల్లలు బాహా అనే బండ్ల పోటీల కోసం ఇరవై ఏళ్లకే చక్కటి బగ్గీలు కడుతున్నారు, కాలేజీ సరేనంది కాబట్టి. డిగ్రీ చేతికొచ్చాక వాళ్లలో చాలామంది స్పానరు పట్టేది బైకు చైను జారినప్పుడే.

రోడ్డు లేకపోతే ట్రాకుంది. ఆ దారి వేసినవాళ్లలో మళ్లీ కోయంబత్తూరు మనిషే ముందున్నాడు. మిల్లుల కుటుంబంలో 1954లో పుట్టిన ఎస్. కరివర్ధన్ మారుతి 800 ఇంజనుతో ఒంటి సీటు రేసు కార్లు తయారుచేసి, కుర్రాళ్లకు పందెం అందుబాటులోకి తెచ్చాడు. నారాయణ్ కార్తికేయన్ లాంటివాళ్లు తొలి రోజుల్లో నడిపింది అలాంటి బండ్లే. కరివర్ధన్ 1995లో విమాన ప్రమాదంలో పోయాడు, నలభై ఒక్క ఏళ్లకే. ఆ ఊరి పక్క చెట్టిపాళయంలో ఉన్న ట్రాకుకు ఆయన పేరే పెట్టారు.

మా వాడి గురి ఆ ట్రాకు మీద. రేడియేటరు బిగింపు, వైరింగు ఇంకా మిగిలి ఉన్నాయి. స్టీరింగు కడ్డీ మోకాలికి తగులుతోందని మొన్న మళ్లీ కోసి జరిపాడు. బండి పూర్తయ్యాక నంబరు లేని కారును రోడ్డు మీద నడపకూడదు కాబట్టి ఇంకో వాహనం మీద ఎక్కించి నాలుగు వందల కిలోమీటర్ల పైన మోసుకుపోవాలి. పికప్ మాట్లాడదామని తొట్టి కొలిచాడు. తొమ్మిదడుగులు వచ్చింది. కారు పదడుగుల పైనే. ఇప్పుడు ఐషర్ లారీ వాళ్లను అడుగుతున్నాడు. వాళ్లు చెప్పిన బాడుగ విని అతని భార్య నన్ను పిలిచి పంచాయితీ పెట్టింది: "కారును మోసేకి లారీ అంట, ఆ లారీకి బాడుగంట. నువ్వన్నా చెప్పన్నా. ఆ దుడ్డుతో లారీలోనే కోయంబత్తూరు పోయి, చూసి రావచ్చు కదా!"

మా వాడు ఏమీ అనలేదు. టేపు తీసుకుని బానెట్ ముందు బంపరు ఎంత కోస్తే పికప్‌లో పడుతుందో కొలవడం మొదలుపెట్టాడు.