భార్య లేకపోతేనే తండ్రి

కథల్లో తండ్రి పాత్రను ఇన్నేళ్ళుగా విమర్శిస్తున్న మనం, ఆ పాత్రను రాసిపెట్టిన సర్వీసు నిబంధనల్ని చదవకుండా వదిలేశామేమో అనిపిస్తుంది నాకు.

కేంద్ర ప్రభుత్వ సెలవు నిబంధనలే తీసుకోండి. మగ ఉద్యోగికి 15 రోజుల పితృత్వ సెలవుంది, అదీ మొదటి ఇద్దరు పిల్లల వరకే. ఎందుకిస్తారట? భార్య కాన్పు కోసం. కాన్పుకి 15 రోజుల ముందునుంచి ఆర్నెల్ల లోపు వాడుకోవాలి. ఆ వాక్యంలో బిడ్డ ఒక తేదీ మాత్రమే. స్నానం చేయించాల్సిన, రాత్రిళ్ళు భుజాన వేసుకు తిరగాల్సిన బిడ్డ అందులో ఎక్కడా కనపడదు.

ఇక శిశు సంరక్షణ సెలవు. 2008లో స్త్రీలకి వచ్చింది. పిల్లలకి పద్దెనిమిదేళ్ళు వచ్చేలోగా, సర్వీసు మొత్తంలో 730 రోజులు. 2018లో దీన్ని పురుషులకీ ఇచ్చారు. ఏ పురుషులకి? పెళ్ళికానివాడు, భార్య చనిపోయినవాడు, విడాకులు తీసుకున్నవాడు. అంటే భార్య పోయిన మర్నాటినుంచీ మగవాడికి పిల్లల్ని చూసుకోవడం వచ్చేస్తుంది. ఆమె బతికుండి ఉద్యోగం చేసుకుంటున్నంతకాలం రాదు! ఒంటరి తండ్రికి సెలవివ్వడం న్యాయమే. 'ఒంటరి' అన్న ఆ ఒక్క మాటతో తక్కిన తండ్రులందర్నీ పిల్లల పనినుంచి తప్పించేశారు. నా పేచీ దానితోనే.

నాతో పనిచేసే ఒకాయన పాపకి జ్వరమని సెలవడిగితే పై అధికారి "ఇంట్లో మేడంగారు లేరా?" అన్నాడట. రూల్సు పుస్తకం అడుగుతున్నదీ అదే కదా!

2017లో సవరించిన ప్రసూతి చట్టం స్త్రీలకి 26 వారాల సెలవిచ్చింది. 50 మంది పనిచేసేచోట క్రెష్ ఉండాలంది. కానీ రోజుకి నాలుగుసార్లు వెళ్ళి బిడ్డను చూసుకునే హక్కు స్త్రీ పేరనే రాసింది. 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఆ మాట మారలేదు.

"మగవాళ్ళ సెలవుకోసం మనమెందుకు కొట్లాడాలి? ఇస్తే క్రికెట్ చూస్తూ కూచుంటారు" అంటుంది నా మిత్రురాలొకామె. కూచునేవాళ్ళు కూచుంటారు, సందేహం లేదు. స్వీడన్ 1974లోనే తల్లిదండ్రులిద్దరూ పంచుకునేలా సెలవిస్తే, ఏళ్ళ తరబడి దాదాపు అంతా తల్లులే వాడారు. 1995లో ఒక నెల తండ్రికే కేటాయించి, వాడకపోతే పోతుందన్నాక తండ్రులు కదిలారు. 2016 నుంచి ఆ వాటా 90 రోజులు. అడగాల్సింది ఇలాంటి సెలవు. భార్యకి "సాయం" చేసే సెలవు కాదు.

సెలవంతా మన పేరనే ఉన్నంతకాలం, ఉద్యోగమిచ్చేవాడి లెక్కలో ఖర్చెక్కువ మనిషి ఆడదే. పెళ్ళెప్పుడు, పిల్లలెప్పుడు అని ఇంటర్వ్యూల్లో అడిగేది మననే.