సులభం అంటే ఎవరికండీ?

వంటల పుస్తకాల్లో నేను బెదిరిపోయే మాట ఒకటుంది - "తగినంత". ఉప్పు తగినంత, నీళ్ళు తగినంత, నూనె తగినంత. ఎంతయితే తగినంతో తెలిస్తే ఆ పుస్తకం కొనడం దేనికి? ఈమధ్య యాత్రా రచనలు వరసగా చదువుతుంటే అక్కడా ఇలాంటి మాటే ఒకటి తగిలింది. "సులభమైన నడక". దాన్ని గురించి నాలుగు మాటలు చెప్పుకుందామని ఈ వ్యాసం. విమర్శ అంటే కావ్యాలకీ నవలలకీ గాని, దారి చెప్పే పుస్తకాలకి కూడానా అంటారేమో! నవల తప్పు చెబితే మన కాళ్ళు నొప్పెట్టవు. దారి పుస్తకం తప్పు చెబితే నొప్పెడతాయి. కాళ్ళతో పోతే ఫరవాలేదు, మనసు కూడా నొప్పెడుతుంది.

మాది ఏలూరు పక్కన వట్లూరు. ఇక్కణ్ణించి కొల్లేరు దాకా నేల పళ్ళెంలా చదునే. మా ఆడపడుచు, మావారికి అక్కగారు, రెండేళ్ళ క్రితం అన్నయ్యగారు పోయినప్పటి నించీ మా దగ్గరే ఉంటోంది. సాయంత్రం పూట కాలవగట్టు మీద మైలు దూరం వెళ్ళి రావడం ఒక్కటే ఆవిడకి మిగిలిన సరదా. "కొండలూ మెట్లూ నావల్ల కాదు గాని, చదును నేలయితే ఎంతయినా నడుస్తానమ్మాయ్" అంటుంది. అందుకే ఓ చిన్న పర్యటన పుస్తకంలో కాకినాడ దగ్గరి హోప్ ఐలాండు గురించి "ఎత్తుపల్లాలు లేని సులభమైన నడక, అన్ని వయసులవారికీ అనువు" అని చదవగానే, నేనే పట్టుబట్టి వదినని బయల్దేరదీశాను.

ఆ దీవి నిజంగా చూడవలసిందే. గోదావరి మోసుకొచ్చిన ఇసుకనీ ఒండ్రునీ సముద్రం ఉత్తరానికి నెట్టుకుంటూ పోగా, గడచిన రెండువందల ఏళ్ళ పైచిలుకులో పేరుకున్న సన్నటి దిబ్బ అది. పొడవు సుమారు 16 కిలోమీటర్లు. ఇటు కాకినాడ అఖాతం, అటు బంగాళాఖాతం. కెరటాలు ముందు దాని వీపు మీద బాదుతాయి, దాని చాటున రేవు నిబ్బరంగా ఉంటుంది. ఆ దగ్గర్లోనే ఉన్న కోరంగిని 1789లోనూ 1839లోనూ ఉప్పెనలు ముంచెత్తాయని గుర్తు చేసుకుంటే ఆ చాటు విలువ ఏమిటో తెలుస్తుంది. పులికాట్ సరస్సుకీ సముద్రానికీ నడుమనున్న శ్రీహరికోట కూడా ఈ కోవ దీవే గాని, అక్కడ రాకెట్లదే రాజ్యం, మనం షికార్లు చెయ్యడానికి వీల్లేదు.

మాఘ పౌర్ణమికి కాకినాడలో సముద్రస్నానం చేసి, మర్నాడు పడవెక్కాం. దీవి దాటి సముద్రం వైపు ఒడ్డుకి చేరేసరికి పది గంటలయింది. అప్పుడు సముద్రం పోటు మీదుంది. కాలికింద రోడ్డులా గట్టిగా ఉండే తడి ఇసుక అంతా నీళ్ళ కిందికి పోయింది. మాకు మిగిలింది పొడి ఇసుక. ఒక మడమ పైకి లాగేలోగా రెండో మడమ దిగబడిపోతోంది. చెప్పులు విడిస్తే చురుక్కుమంటుంది, తొడుక్కుంటే ఇసుక నిండి కాలు కదలదు. రావణాసురుడి మీసాలనే ముళ్ళగడ్డి చీర కుచ్చెళ్ళు పట్టుకుని వదలదు. సరుగుడు చెట్ల నీడ ఎక్కడో దూరాన. ఇక ఆడవాళ్ళకి మరుగు సంగతి మీరే ఊహించుకోండి. ఆ భయంతోనే వదిన తెల్లారినప్పటి నించీ గుక్కెడు మంచినీళ్ళు కూడా తాగలేదని నాకు తర్వాత తెలిసింది.

అర మైలు నడిచేసరికి కళ్ళు తిరుగుతున్నాయని ఇసుకలో కూలబడిపోయింది. గొడుగు పట్టి, మొహం తడిపి, నీళ్ళు తాగించాను. కాస్త తేరుకుని ఆవిడన్న మాట ఇది. "అన్ని వయసులవాళ్ళకీ అనువని పుస్తకంలో రాశారు కదమ్మాయ్! నేనే దేనికీ పనికిరాకుండా పోయాను."

చూశారా, ఒక్క మాట ఎంత పని చేసిందో! పుస్తకం తప్పయి ఉండొచ్చని ఆవిడకి తోచనే లేదు. అచ్చులో ఉన్నది నిజం, తనే అబద్ధం అనుకుంది. ఇంటికొచ్చాక నెల్లాళ్ళపాటు కాలవగట్టు మీదికి కూడా రాలేదు.

ఆ రోజు మాకు నిజం చెప్పింది తలమీద చేపల తట్టతో అటు వెడుతున్న ఒకావిడ. మమ్మల్ని చూసి ఆగి, "నీరు తీసేదాకా కూకోండమ్మా, అప్పుడైతే రోడ్డు మీద నడిసినట్టే ఉంటాది" అంది. ఆవిడ చెప్పినట్టే, మధ్యాహ్నం మా పడవ వెనక్కి తిరిగే వేళకి ఆ వైపు గట్టి ఇసుక చాపలా పరుచుకుంటోంది. కాని పడవవాడు ఆగడు కదా!

ఇప్పుడు విమర్శకి వస్తాను. ఆ రచయిత అబద్ధం రాశాడని నేననను. ఆయన బహుశా ఆటు వేళ, చల్లటి పూట, పంట్లాము మడుచుకుని హాయిగా నడిచి ఉంటాడు. ఆయనకి సులభమే. అయితే ఎవరికి, ఏ వేళ సులభమో చెప్పకుండా ఆ మాటని అందరి నెత్తినా రుద్దడమే దోషం. పోటు రోజుకి రెండుసార్లు వస్తుంది, మర్నాటికి సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. అమావాస్యకీ పౌర్ణమికీ అటూ ఇటూగా పోటూ ఎక్కువే, ఆటూ ఎక్కువే. ఇది గోడ మీద క్యాలెండరు చూసుకునే ప్రతి ఇల్లాలికీ పనికొచ్చే సంగతి. కిలోమీటర్లు లెక్కపెట్టిన పెద్దమనిషి తిథి మాట మరిచిపోయాడు. సూర్యోదయానికి ఒకటిన్నర పేజీ కేటాయించి, మంచినీళ్ళకి అర వాక్యం కూడా ఇవ్వలేదు. తట్ట మోసే ఆడవాళ్ళు ఆయనకి సోయగంగా కనిపించారు గాని, ఆ ఇసుకలో అంత బరువుతో ఎలా నడుస్తున్నారని అడగాలనిపించలేదు. అడిగి ఉంటే పుస్తకం బాగుపడేది.

అలాగని ఆయనకి చూపు లేదనడానికి వీల్లేదు. ఆలివ్ రిడ్లే తాబేళ్ళు చలికాలం చివర రాత్రివేళ ఒడ్డుకొచ్చి, వెనక కాళ్ళతో గొయ్యి తవ్వి, నూరు పైచిలుకు గుడ్లు పెట్టి, ఇసుక కప్పి వెళ్ళిపోవడం ఎంత బాగా వర్ణించాడో! అది చదివి ఉండబట్టే, ట్రాక్టరు చక్రం జాడలాంటి గుర్తు చూసి ఇది తాబేలు వచ్చి వెళ్ళిన దారని వదినకి చూపించగలిగాను. తాబేలు ఏ వేళ వస్తుందో అంత శ్రద్ధగా గమనించిన మనిషి, మనుషులు ఏ వేళ రావాలో చెప్పకపోవడమే నా ఫిర్యాదు.

ఈ పని మన భాషలో ఎవరూ చెయ్యలేదా అంటే, ఎప్పుడో చేశారు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్నం నించి కాశీకి బయల్దేరి 1831లో తిరిగొచ్చారు. ఆయన "కాశీయాత్ర చరిత్ర" 1838లో అచ్చయింది. ఆయన పల్లకీలో వెళ్ళినవారే. అయినా దారి ఎలాంటిది, దిగడానికి చోటుందా, నీళ్ళకి ఏం వసతి, అంగళ్ళలో ఏం దొరుకుతాయి అని మజిలీ మజిలీకీ రాశారు. ఎందుకు రాశారు? ఆయన వెంట పెద్ద పరివారం ఉంది, పల్లకీ మోసే బోయీలున్నారు. అంతమందికి అన్నం నీళ్ళు అమర్చవలసిన మనిషి కళ్ళతో చూశారు గనక రాశారు. అందులో ఇంటి పెద్ద బాధ్యత ఉంది. ఈనాటి రచయితలు చాలామంది ఒంటరిగా వెడతారు, ఒంటరిగా చూస్తారు, ఒంటరిగానే రాస్తారు. వెనకాల ఎవరో నడిచి వస్తున్నారన్న ఎరుక ఆ వాక్యాల్లో ఉండదు.

కాబట్టి యాత్రా రచయితలకి నా మనవి ఒక్కటే. సులభం అని రాసే ముందు మీ అమ్మగారినో అక్కగారినో మనసులో వెంటబెట్టుకుని ఆ దారి ఇంకోసారి నడవండి. కాలి కింద ఏముంది, నీడ ఎంత దూరం, నీళ్ళెక్కడ, మరుగెక్కడ, ఏ వేళ వెళ్ళాలి, అలిసిపోతే వెనక్కి తిరిగే వీలుందా - ఈ ఆరూ రాశాక, సూర్యోదయానికి మూడు పేజీలు రాసుకున్నా మేం సంతోషంగా చదువుతాం.

మొన్న ఈ వ్యాసం వదినకి చదివి వినిపించాను. అంతా విని ఏమీ అనలేదు. కాసేపటికి చూద్దును కదా, క్యాలెండరు ముందు నిలబడి వేలితో తిథులు లెక్కపెడుతోంది. "అమ్మాయ్, ఆ పడవవాణ్ణి మధ్యాహ్నం బయల్దేరేలా అడిగితే ఒప్పుకుంటాడంటావా?" అంది.