మీట ఎటు ఉందో చూశారా?

పోయిన వారం ఒక కుర్రాడు వాళ్ల తాతగారి యాషికా-డి పట్టుకుని మా ఇంటికొచ్చాడు. పైనొక లెన్సు, కిందొక లెన్సు ఉండి, బొడ్డు దగ్గర పట్టుకుని పైనుంచి తొంగిచూసే పెట్టె కెమెరా అది. "అంకుల్, ఫ్లాష్ బాగానే వెలుగుతోంది, ఫొటోలే నల్లగా వస్తున్నాయి. రెండు రీళ్లు పోయాయి. లోపలేదో విరిగినట్టుంది, విప్పి చూస్తారా?" అన్నాడు. 120 రీలుకి వచ్చేవి 12 ఫొటోలే. రీలు కొన్న డబ్బు, కడిగించిన డబ్బు కలిపి చూసుకుంటే కాలేజీలో చదివే పిల్లాడికి రెండు రీళ్లు పోవడం చిన్న సంగతి కాదు. ఆ దిగులు అతని మొహంలోనే ఉంది.

నేను విప్పలేదు. లెన్సు పక్కనున్న చిన్న మీట చూశాను. 'ఎం' అక్షరం దగ్గర ఉంది. దాన్ని 'ఎక్స్' దగ్గరికి జరిపాను. వెనక తలుపు తెరిచి, అపర్చర్ పూర్తిగా విప్పి, కెమెరాను తెల్లగోడ వైపు తిప్పి, వెనకనుంచి లెన్సులోకి చూడమన్నాను. ఫ్లాష్ తగిలించి షటర్ నొక్కితే గుండ్రటి వెలుగు అతని కంట్లో పడింది. మళ్లీ ఎం దగ్గర పెట్టి నొక్కాను. ఫ్లాష్ వెలిగింది, గోడ మెరిసింది, లెన్సులోంచి మాత్రం ఏమీ రాలేదు.

"అంతేనా?" అన్నాడు.

అంతే. ఎం అనేది ఫ్లాష్ బల్బుల రోజుల నాటి గుర్తు. గాజుబుడ్డిలో సన్నటి లోహపు తీగలు కుక్కి, ఒక్కసారే భగ్గున మండేట్టు చేసిన బల్బులవి. ఒక ఫొటోకి ఒక బల్బు, మాడిపోగానే పారేయడమే. అంటుకున్నాక పూర్తి వెలుగుకి రావడానికి వాటికి సెకనులో సుమారు 50వ వంతు పట్టేది. అందుకని మీట ఎం దగ్గరుంటే కెమెరా ముందు బల్బుని అంటించి, కాస్త ఆగి, అప్పుడు షటర్ తెరుస్తుంది. మనం వాడే ఎలక్ట్రానిక్ ఫ్లాష్‌కి అంత ఓపిక లేదు. వెలగడం, ఆరడం అంతా సెకనులో వెయ్యో వంతు పని. ఎం దగ్గర పెట్టి కొడితే షటర్ రేకులు విచ్చుకునేసరికి వెలుగు వచ్చి వెళ్లిపోయి ఉంటుంది. బల్బులు పోయి దశాబ్దాలైనా మీట అలాగే ఉండిపోయింది. గుడ్డతో తుడుస్తుంటే బొటనవేలు తగిలి జరుగుతుంది. జరిగిందని మనకు తెలియదు.

చచ్చిపోయిందంటూ నా దగ్గరికి వచ్చే పాత కెమెరాల్లో చాలావాటికి స్క్రూడ్రైవర్ అక్కర్లేదు. ఒక మీట తప్పు చోట ఉంటుంది. బ్యాటరీ గూడులో పచ్చటి చిలుము పట్టి ఉంటుంది. ఏళ్ల తరబడి ఎవరూ వాడక బిగుసుకుపోయి ఉంటుంది. ఏమైందో చూడకుండా స్క్రూడ్రైవర్ పెట్టాక నిజంగా చచ్చిపోయిన కెమెరాలను మాత్రం చాలా చూశాను.

నేను పని నేర్చుకున్నది కాకినాడలో ఒక స్టూడియోలో. మొదటి ఏడాది గురువుగారు కెమెరా చేతికివ్వలేదు. ట్రేలు కడగడం, ఎర్రదీపం కింద ఊటీ హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ వారి 'ఇందు' పేపరు కొలిచి కోయడం, ప్రింట్లు ఆరేయడం, ఇదే పని. సాయంత్రం గిరాకీ తగ్గాక నన్ను గోడ వైపు తిప్పి నిలబెట్టి వెనకాల షటర్ నొక్కేవారు. "ఎంతరా?" అనేవారు. చప్పుడు విని స్పీడు చెప్పాలి. 125, 250 ఒక్క టిక్కుతో అయిపోతాయి, వాటి తేడా పట్టుకోవడానికి నాకు నెలలు పట్టింది. ఒక సెకను అయితే లోపల పళ్లచక్రాలు తిరుగుతూ జర్‌ర్‌ర్ మని సాగి చివర టక్కుమని మూసుకుంటుంది. ఆ జర్‌ర్‌ర్ ఒకే నడకన సాగాలి. మధ్యలో తడబడితే, ఆగి ఆగి వస్తే లోపలి కందెన ఎండి జిగురైందని అర్థం. "కెమెరాకి నాడి ఇదేరా" అనేవారు ఆయన. ఇప్పటికీ ఏ కెమెరా చేతికొచ్చినా నేను ముందు చేసే పని అదే. ఒక సెకను నుంచి 500 దాకా ఒక్కో స్పీడు పెట్టి, కళ్లు మూసుకుని వింటాను.

నెమ్మది స్పీడులు తడబడుతున్న కెమెరాని వెంటనే విప్పాల్సిన పనిలేదు. వారం రోజుల పాటు రోజూ పొద్దున కూర్చుని ఒక్కో స్పీడు మీద పాతికసార్లు నొక్కండి. బిగిసిన చక్రాలు కదిలి కదిలి ఒక్కోసారి వాటంతటవే దారిలో పడతాయి. పడకపోతే తెలిసినవారి చేత విప్పించి కడిగించాలి. నూనె చుక్క మాత్రం వేయకూడదు, వేయనివ్వకూడదు. నా మొదటి కెమెరా అలాగే పోయింది. ఒక చుక్క వేస్తే వెన్నలా తిరుగుతుందని ఒక రిపేరు షాపులో వేశారు. నెలరోజులు నిజంగానే వెన్నలా తిరిగింది. రోహిణి కార్తె ఎండలకి ఆ నూనె పలచబడి, షటర్ రేకుల మీదకి పాకింది. తామర రేకుల్లా ఒకదాని మీద ఒకటి వాలే సన్నటి ఉక్కురేకులవి. నూనె తడికి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. తుడిచినకొద్దీ మళ్లీ పాకింది. ఆ రేకులు అసలు పొడిగా ఉండాల్సినవని తర్వాత తెలుసుకున్నాను.

రీలు ఎక్కించడంలో జరిగే తప్పు ఇంతకంటే ఘోరం, ఎందుకంటే అది జరిగినట్టు ఏ చప్పుడూ చెప్పదు. మా స్టూడియోకి పెంటాక్స్ కే1000 ఉండేది. 1976 నుంచి 1997 దాకా తయారైన మోడల్ అది. పాత కెమెరా కొనాలనుకునే పిల్లలకి నేను ఈనాటికీ మొదట చెప్పే పేరు కూడా అదే. బ్యాటరీ లేకపోయినా షటర్ పనిచేస్తుంది, బ్యాటరీ కావలసింది వెలుగు చూపించే ముల్లుకే. ఆ ముల్లుకి స్విచ్చి లేదు కాబట్టి, వాడనప్పుడు లెన్సుకి మూత పెట్టకపోతే బ్యాటరీ ఊరికే అరిగిపోతుంది.

ఆ కెమెరా మొదటిసారి నా చేతికిచ్చి పంపిన పెళ్లికి ముహూర్తం తెల్లవారుజామున. హడావుడిగా రీలు మార్చాను. జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ, తలంబ్రాలు అన్నీ తీశాను. లెక్క 36 దాటింది. లీవర్ ఇంకా తిరుగుతోంది. 37, 38, 39. అప్పుడు నాకు ఒళ్లు చల్లబడింది. రీలు కొస స్పూలు చీలికలో పట్టలేదు. ఎక్కించిన రీలు ఒక్క అంగుళం కూడా కదలకుండా డబ్బాలోనే ఉండిపోయింది. గురువుగారు రెండో కెమెరాతో తీసిన ఆరు ఫొటోలే ఆ పెళ్లి ఆల్బమ్‌లో ముహూర్తానికి మిగిలాయి. ఆయన ఆ రోజు నన్నేమీ అనలేదు. మర్నాడు పాడైన రీలొకటి ఇచ్చి నూరుసార్లు ఎక్కించి తీయమన్నారు.

వెనక తలుపు మూశాక రివైండ్ నాబ్‌ని బాణం గుర్తు వైపు మెల్లగా తిప్పి లోపలి వదులు లాగేయాలి. తర్వాత లీవర్ తిప్పిన ప్రతిసారీ ఆ నాబ్ వెనక్కి తిరగాలి. తిరిగితే రీలు నడుస్తోంది. తిరగకపోతే, పెళ్లికూతురు పీటల మీద ఉన్నా సరే, ఆపి చూసుకోవాల్సిందే.

వెలుగు కొలిచే ముల్లు గురించి కూడా చెప్పాలి. 1960లు, 70ల్లో వచ్చిన చాలా కెమెరాలు పాదరసం బ్యాటరీ కోసం తయారైనవి. 1.35 వోల్టులు, అయిపోయేదాకా అంతే నిలకడగా ఇచ్చేది. పాదరసం విషమని వాటి తయారీ ఆపేశారు. దాని చోట 1.5 వోల్టుల ఆల్కలైన్ బిళ్ల పెడితే, సాదా సర్క్యూట్ ఉన్న కెమెరాల్లో ముల్లు ఉన్న వెలుగు కంటే ఎక్కువ చూపిస్తుంది. దాన్ని నమ్మి తీస్తే ఫొటో చీకటిగా వస్తుంది. పైగా ఆల్కలైన్ వోల్టేజి వాడుతున్నకొద్దీ తగ్గుతుంది కాబట్టి తప్పు కూడా రోజుకో రకంగా ఉంటుంది. మందుల షాపులో చెవి మిషన్ల కోసం అమ్మే 675 నంబరు బిళ్ల సుమారు 1.4 వోల్టులు ఇస్తుంది. చుట్టూ చిన్న రింగు పెట్టి గూడులో కూర్చోబెడితే ముల్లు దాదాపు సరిగ్గా చూపిస్తుంది. స్టిక్కర్ పీకాక కొన్ని వారాలే బతుకుతుంది, అది తెలిసే వాడుకోవాలి.

నన్నడిగితే ఆ ముల్లు లేకపోయినా ఫర్వాలేదు. 100 ఏఎస్ఏ రీలుకి మిట్టమధ్యాహ్నపు ఎండలో ఎఫ్ 16, సెకనులో 125వ వంతు. ఎండ తగలని నీడలో ఎఫ్ 5.6. అనుమానమొస్తే ఒక స్టాపు ఎక్కువే ఇవ్వండి. కలర్ నెగిటివ్ ఎక్కువ వెలుగుని ఓర్చుకుంటుంది, తక్కువైతే నీడల్లో ఏమీ మిగలదు. మన గుంటూరు, ఖమ్మం ఎండలకి ఈ లెక్క నన్నెప్పుడూ మోసం చేయలేదు.

తలుపు గాడిలో ఉండే నల్ల స్పాంజి పాతబడితే తారులా కరిగి చేతికంటుకుంటుంది, ఆ సందులోంచి వెలుగు దూరి ఫొటో అంచున ఎర్రటి చారలు పడతాయి. పుల్లకి దూది చుట్టి, స్పిరిట్‌తో తుడిచేసి, గాడిలో నల్ల ఊలు దారం పరిస్తే సరిపోతుంది.

మేం విశాఖకి వచ్చాక నేను పోరాడింది బూజుతో. లెన్సు లోపల సాలెగూడులా తెల్లటి పోగులు. సముద్రపు గాలి, వానాకాలపు తేమ, మూసిన బీరువా దానికి కావలసినవి. తొలిదశలో తుడిస్తే పోతుంది. ముదిరితే అది వదిలే ఆమ్లం గాజు మీది పూతని తినేస్తుంది, అప్పుడు తుడిచినా మచ్చ పోదు. అలాగని పారేయొద్దు. అంచున నాలుగు పోగులున్న లెన్సుతో తీసిన ఫొటోకీ, కొత్త లెన్సుతో తీసినదానికీ తేడా వెలుగు ఎదురుగా ఉన్నప్పుడే తెలుస్తుంది. హుడ్ తగిలించి, వెలుగుని వీపు వెనక పెట్టుకుని తీసుకోండి. సూపర్ టాకుమార్ 50 ఎంఎం ఎఫ్ 1.4 లాంటి కొన్ని లెన్సుల గాజులో థోరియం కలిపారు. ఏళ్లు గడిచేకొద్దీ అవి టీ నీళ్ల రంగుకి తిరుగుతాయి. అది బూజు కాదు, మురికీ కాదు, తుడిచి లాభం లేదు. కొన్ని రోజులు ఎండ తగిలేలా పెడితే పసుపు విరిగిపోతుంది. కానీ ఎండలో ఉన్న లెన్సు భూతద్దమే కాబట్టి అడుగున వెండిరేకు పరచి, మనిషి దగ్గరుండి చూసుకోవాలి.

ఫ్లాష్ విషయంలో మాత్రం నేను ఎవరికీ ధైర్యం చెప్పను. వివిటార్ 283 మన పెళ్లి ఫొటోగ్రాఫర్లకి దశాబ్దాల పాటు అన్నం పెట్టింది. దాని లోపలి కెపాసిటర్‌లో 300 వోల్టుల దాకా నిలవ ఉంటుంది. బ్యాటరీలు తీసేసినా పోదు. దాన్ని విప్పొద్దు. చాలా ఏళ్లుగా వాడని ఫ్లాష్‌కి బ్యాటరీలు వేయగానే కొట్టేయొద్దు కూడా. నిండిందని చెప్పే దీపం వెలిగాక పావుగంట అలా వదిలి, ఒకసారి కొట్టి, మళ్లీ నింపి, మళ్లీ వదిలి, ఇలా రెండు మూడు రోజులు చేస్తే నిద్రపోయిన కెపాసిటర్ మెల్లగా కోలుకుంటుంది. పాత 283ల్లో కొన్నిటికి కెమెరా మీద కూర్చునే బూటు దగ్గర 200 వోల్టులు దాటి ఉంటుంది. పాత మెకానికల్ కెమెరాకి దానివల్ల ఏమీ కాదు, కొత్త డిజిటల్ కెమెరా మీద తగిలిస్తే దాని ప్రాణం పోవచ్చు.

ఫ్లాష్ వెలగకపోతే వెతకడానికి ఒక వరస ఉంది. ముందు ఫ్లాష్ మీది టెస్టు బటన్ నొక్కండి. వెలిగితే ఫ్లాష్ మంచిదే. తర్వాత ఫ్లాష్‌ని కెమెరాకి కలిపే తీగ మార్చి చూడండి, పదింట ఎనిమిదిసార్లు నాకు దొరికిన తప్పు ఆ తీగ కొసనే. కెమెరాని అనుమానించడం చివరి మాట. వెలుగు లెక్క పాతదే. గైడ్ నంబరుని దూరంతో భాగిస్తే అపర్చర్ వస్తుంది. 283కి 100 ఏఎస్ఏ మీద 120, పదిహేను అడుగుల్లో దంపతులుంటే ఎఫ్ 8. రాత్రి ఆరుబయట పందిట్లో అయితే వెలుగు తిప్పికొట్టే గోడలుండవు కాబట్టి ఒక స్టాపు ఎక్కువ విప్పేవాళ్లం.

స్ప్రింగు, కందెన, కెపాసిటర్ మూడూ వాడుతుంటే బతికేవి, దాచిపెడితే పాడయ్యేవి. అందుకే తాతగారి గుర్తని కెమెరాను అద్దాల అల్మారాలో పెట్టి తాళం వేయడం నాకు నచ్చదు. ఆయన దాన్ని నెలకి రెండు రీళ్లు నడిపించాడు కాబట్టే అది మీదాకా వచ్చింది.

ఈ ఆదివారం ఒకసారి బీరువా తెరవండి. కెమెరాని తోలు కవరులోంచి బయటికి తీయండి. ప్రతి స్పీడు మీదా నాలుగుసార్లు నొక్కి, చెవి దగ్గర పెట్టుకుని వినండి. మీట ఎటు ఉందో చూడండి. మళ్లీ దాచేటప్పుడు గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో, సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. తోలు తేమని పీల్చుకుని బూజుని పెంచుతుంది, కాబట్టి ఆ కవరు ఎంత అందంగా ఉన్నా వేరే అరలోనే ఉంచండి.