గుంటూరు పద్యం, ఘంటసాల గొంతు

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి పల్లెల్లో పద్యం బడిలో కంటే ముందు నాటకంలో వినపడేది. పత్తి తీతలు, మిరప కోతలు అయ్యి చేతిలో నాలుగు డబ్బులు ఆడే రోజుల్లో ఊళ్లోకి నాటకం వచ్చేది. మైకు లేని కాలంలో చివరి వరుస రైతుకూ వినపడాలంటే నటుడు శ్రుతి పెంచాలి. పద్యం ముగిశాక ఆఖరి అక్షరాన్ని పట్టుకొని రాగం తీస్తే జనం వన్స్ మోర్ కొట్టేవారు. సుద్దపల్లిలో పుట్టిన ఈలపాట రఘురామయ్య ఆ రంగానికి రారాజు. ఆ సంప్రదాయం గొప్పదే. కానీ రాగానికి చప్పట్లు కొట్టిన చాలామందికి పద్యంలో మాట సగమే చెవిన పడేది.

ఆ మాటను శ్రోత ముందుకు తెచ్చిన రికార్డులు ‘పుష్పవిలాపం’, ‘కుంతికుమారి’.

రాసింది కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి. 1912లో గుంటూరు జిల్లా కొమ్మూరులో పుట్టి, గుంటూరు ఏసీ కాలేజీలో తెలుగు చెప్పారు. ఛందస్సు పాతది, పలుకు మాత్రం ఇంట్లో మాట్లాడుకునేంత మెత్తన. అర్థం కోసం నిఘంటువు వెతకనక్కర్లేదు. పాడింది ఘంటసాల వెంకటేశ్వరరావు. కృష్ణా నదికి అవతల చౌటపల్లిలో 1922లో పుట్టారు. చిన్నప్పుడు తండ్రి సూరయ్య దగ్గర తరంగాలు నేర్చారు, విజయనగరంలో పట్రాయని సీతారామశాస్త్రి దగ్గర శాస్త్రీయ సంగీతం చదివారు.  ఆయన గొంతులో ఉన్నది ఆ భజన నేర్పిన తడే.

ఆయన చేసిన పని పైకి సులువుగా కనిపిస్తుంది. పద్యానికి తాళం లేదు కాబట్టి ఎక్కడ ఆగాలో గాయకుడి ఇష్టం. ఉత్పలమాలలో పాదానికి ఇరవై అక్షరాలు, పదో అక్షరం యతి. పాదం చివర ఆగడం నటుల అలవాటు. ఘంటసాల అర్థం ఆగిన చోట ఆగుతారు. వాక్యం తర్వాతి పాదంలోకి పొర్లితే ఆయనా దాని వెంటే పోతారు. సమాసాన్ని నరకరు. రాగం తీస్తారు గానీ పొదుపుగా, విన్న మాట మనసులో ఇంకడానికి పట్టేంత సేపే. పుష్పవిలాపంలో పద్యాల మధ్య వచనం వస్తుంది. అక్కడ గొంతు తగ్గించి, పక్కన కూర్చున్న వాడితో చెప్పినట్టు చెబుతారు. మైకు ఇచ్చిన వెసులుబాటు అది, వేదిక మీద కుదరదు. 78 ఆర్‌పీఎం ప్లేటు ఒక వైపు మూడు నిమిషాలకు అటూ ఇటూగా అయిపోతుంది. ఆ ఇరుకు కూడా మేలే చేసిందని నా అనుమానం.

పూజకు పూలు కోయబోయిన మనిషిని పూలే నిలదీయడం పుష్పవిలాపం కథ. కన్నీళ్లు కాస్త ఎక్కువయ్యాయనే వాళ్లున్నారు, వాళ్ల మాట పూర్తిగా కొట్టెయ్యలేం. నా ఓటు కుంతికుమారికే. పెళ్లికాని తల్లి పసిబిడ్డను నదిలో వదలబోతూ పడే తడబాటు అందులో ఉంది. పద్యం ఏడుస్తుంది, గాయకుడు ఏడవడు. గొంతు వణికించి జాలి అడుక్కోడు. అందుకే ఏడుపు వినేవాడి వంతు అవుతుంది.

ఇదే మనిషి కవి దాశరథి రాసిన ‘తలనిండ పూదండ’ పాడితే వలపు కూడా అంతే మర్యాదగా వినిపిస్తుంది. ఈ తరానికి ఆ సంగతి తెలియకపోవడం విచిత్రం. 1974 ఫిబ్రవరిలో ఆయన పోయాక విడుదలైన భగవద్గీత చావింటి రికార్డుగా స్థిరపడిపోయింది. పల్లెలో ఆ గొంతు మైకులో వినపడితే ఎవరు పోయారని అడుగుతారు. ప్రేమనూ, జాలినీ, భక్తినీ ఒకే నిగ్రహంతో పాడిన గొంతును చావు కబురుకే పరిమితం చేసుకున్నాం.

తెలుగు చెప్పే మాస్టార్లకు ఒక మనవి. ఉత్పలమాల గణాలు బోర్డు మీద రాయకముందు కుంతికుమారి ఒకసారి మొత్తం వినిపించండి. భ, ర, న, భ, భ, ర, వ ఆ తర్వాత చెప్పొచ్చు.